నూట ఇరవై కాగితాల గొడుగు

మా ప్రెస్సులో పుస్తకాలు కుట్టే ఆయన్ని అందరూ దారం బాబాయి అంటారు. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే బల్ల, అదే సూది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయనకున్న ఒక జబ్బు గురించి చెప్పాలి. ఆయన ఏ పుస్తకం పేరూ చదవడు. వేల పుస్తకాలు ఆ చేతుల మీదుగా పోయాయి, ఒక్కదాని పేరు చెప్పమనండి, చెప్పలేడు. పచ్చ అట్టది, పదిహేడు ఫారాలది అంటాడు. ఫారమంటే పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పదహారు పేజీల కట్ట. లేకపోతే, వెన్ను దగ్గర మొరాయించి నన్ను నాలుగు రోజులు ఏడిపించింది చూడు, అది అంటాడు.

నేను అదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. నా జబ్బు ఇంకోటి. అక్షరాలు చూస్తాను గాని చదవను. మూడు వందల పేజీల నవల దిద్ది ఇచ్చిన రోజు, కథేంటే అని మా అక్క అడిగితే నీళ్ళు నమిలాను. నాకు గుర్తున్నదల్లా నూట నలభయ్యో పేజీలో రెండుసార్లు పడిన కామా. ఈ రెండు జబ్బులూ కలిసి మా ఇద్దర్నీ ఎంత ఏడిపించాయో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదలైంది మామూలుగానే. ఒక మధ్యాహ్నం నేను బైండింగు గదిలో జిగురు డబ్బాకి ఫోను ఆనించి భోజనం చేస్తున్నాను. ఏదో చూస్తుంటే అది అయిపోయి, దానంతటదే ఇంకోటి మొదలైంది. మట్టితో చేసిన ఒక లావుపాటి మనిషి మెట్లెక్కుతున్నాడు. మాటల్లేవు. ఆరేడు నిమిషాల సినిమా, అంతా మట్టే. చేతులు కడుక్కుని వస్తున్న బాబాయి నా వెనకాల ఆగిపోయాడు. వంగి, ఆ మట్టి మనిషి చెంప మీద వేలిముద్ర కనిపిస్తోందని చూపించాడు. ఆ ముద్ర క్షణానికోలా కదులుతోంది. అంటే ఎవరో ఆ చెంపని కదిపినప్పుడల్లా మళ్ళీ నొక్కారు, ఒక్కో అడుగుకీ నొక్కారు, అన్నాడు. గొంతులో గౌరవం వినిపించింది. ఆ గొంతు ఆయన మా ఓనరు దగ్గర కూడా వాడడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనానికి ఒక బొమ్మల సినిమా. గాజు మీద ఇసుక చల్లి వేళ్ళతో గీసినవి చూశాం. ఉన్నితో చేసిన గొర్రెలు, కత్తిరించిన కాగితాల్లోంచి లేచే ఊళ్ళు చూశాం. ఎనిమిది నిమిషాలకి మించినవి తక్కువ. ఆ ఎనిమిది నిమిషాలూ బాబాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండేది. నాక్కూడా అలవాటైపోయింది. చూడ్డానికి అక్షరాలు లేని వస్తువు దొరకడం నా కళ్ళకి పండగలా ఉండేది. దిద్దాల్సిందేమీ లేదు, ఊరికే చూడొచ్చు.

గొడవంతా చివర్లోనే. సినిమా అయ్యాక చేసినవాళ్ళ పేర్లు వస్తుంటే, సగంలోనే ఫోను ఆ పేర్లని మూలకి నెట్టేసి తర్వాతి సినిమా మొదలుపెట్టేది. బాబాయికి చిర్రెత్తుకొచ్చేది. పుస్తకాల పేర్లే చదవని మనిషికి ఈ పేర్లెందుకు అని దెప్పాను. చదవనని ఒప్పుకున్నాడు. ఎంతమందో లెక్కపెడుతున్నాడట. నలభై మంది దాకా రాగానే తోసేస్తోందని ఫిర్యాదు. ఇక మా ఓనరు ఎప్పుడు అటొచ్చినా, ఏం పిల్లలూ, బొమ్మలయ్యాయా, పాలు తాగి పడుకుంటారా అనేవాడు. నాకు యాభై దాటాయి, బాబాయికి అరవై. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు.

ఒక బుధవారం గొడుగు సినిమా వచ్చింది.

కథ చెప్పడానికేం లేదు. ఒక ముసలామె గొడుగు గాలికి ఎగిరిపోతుంది. ఆమె దాని వెనక ఇళ్ళ కప్పుల మీదుగా, సందుల్లోంచి, బస్సుల మధ్య నుంచి పరిగెడుతుంది. పరిగెత్తడమంటే ఒక కాలు విసురుగా, ఇంకో కాలి చెప్పు ఈడ్చుకుంటూ. చివరికి అలిసిపోయి ఒక మెట్టు మీద కూలబడితే గొడుగే దిగి వచ్చి ఎదురుగా నిలబడుతుంది. అప్పుడామె దాన్ని మూసి, గోడకి నిలబెట్టి, నడుం మీద ఒక చెయ్యి, రెండో చేతి వేలు ఆడిస్తూ, మాట బయటికి రాకుండానే తిట్టడం మొదలుపెడుతుంది. గొడుగు తల వంచుకుని వింటుంది. అంతే, అయిపోయింది.

బాబాయి నవ్వలేదు. "మా ఆవిడే" అన్నాడు. "ఆ చెప్పు ఈడ్వడం, ఆ వేలు. అచ్చం మా ఆవిడే అమ్మాయ్."

బాబాయి భార్యని నేను పిన్ని అంటాను. ఇరవై ఎనిమిదేళ్ళు మరమగ్గాల షెడ్డులో పని చేసింది. వంద మగ్గాలు ఒక్కసారిగా మోగే చోటు. ఆ మోతే ఆమె చెవులు తీసేసింది. మిషను పెట్టించారు గాని దాంతో చప్పుడు పెద్దదవుతుందే తప్ప మాట విడిపోదు. ఇంట్లో కొడుకు, కోడలు టీవీ ముందు కూర్చుని నవ్వుతారు. మొదట్లో పిన్ని, ఏమన్నాడు ఏమన్నాడు అని అడిగేదట. ఏం లేదులే, తర్వాత చెప్తాలే అనేవాళ్ళట. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు. ఇప్పుడామె అడగడం మానేసింది, టీవీ పెట్టగానే లేచి వంటింట్లోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. ఇదంతా బాబాయి నాకు ఆ బుధవారమే చెప్పాడు. చెప్తూ, ఏం లేదులే అన్నవాళ్ళలో నేనూ ఉన్నానమ్మా అన్నాడు.

ఈ సినిమా పిన్నికి చూపించాలి. ఇందులో ఎవరూ ఏమీ అనరు కాబట్టి ఆమె దగ్గర దాచడానికేమీ లేదు. ఆయన కోరిక అంతే. ఆయనది బొత్తాల ఫోను, సినిమాలు ఆడదు. నా ఫోను ఇంటికి తీసుకెళ్ళమంటే మొహమాటపడ్డాడు. శనివారం ఒంటిపూట కాబట్టి పిన్నినే ప్రెస్సుకి రమ్మంటానన్నాడు. నేను సరేనన్నాను. అక్కడే తప్పు చేశాను. ఆ రోజే బలవంతంగా ఫోను చేతిలో పెట్టి పంపాల్సింది.

శనివారం పిన్ని ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చింది. బాబాయి తన స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. నేను ఫోను తీసి, చూసినవాటి జాబితాలోకి వెళ్ళాను. గొడుగు ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా. ఈ వీడియో అందుబాటులో లేదు అని కింద ఒక ముక్క. పెట్టినవాళ్ళే తీసేశారు. ఎందుకు తీశారో, ఎవరికేం అడ్డమొచ్చిందో ఆ డబ్బా చెప్పదు.

కంగారు పడలేదు నేను. పేరు కొట్టి వెతికితే ఇంకెక్కడైనా ఉంటుంది కదా అనుకున్నాను. పేరేంటి బాబాయ్ అని అడిగాను. ఆయన నా మొహంలోకి చూశాడు. "ఆరు నిమిషాల పదకొండు సెకన్లు" అన్నాడు. "నీలం అట్ట."

"అట్టేంటి బాబాయ్, అది సినిమా."

"నువ్వు చదవలేదా మరి?"

నేను చదవలేదు. చూశాను. రెండు మాటలు, భాష పరాయిదైనా ఇంగ్లీషు అక్షరాలే, మొదటి మాటలో ఆరక్షరాలు, రెండో మాట చివరి అక్షరం కాస్త పక్కకి జరిగి ఉంది, ఎవరూ పట్టించుకోలేదేమిటా అనుకున్నాను కూడా. ఇదీ నాకు గుర్తున్నది. పుస్తకాల మధ్యే బతుకు వెళ్ళదీసిన ఇద్దరం, ఒక పేరు చదవడం చేతకాక ఆ స్టూలు ముందు వెర్రిమొహాలు వేసుకుని నిలబడ్డాం.

గొడుగు, ముసలామె, బొమ్మల సినిమా అని కొట్టాను. పిల్లల పాటలు వచ్చాయి. గొడుగు, గాలి అని కొట్టాను. ఒక చొక్కా టై మనిషి వచ్చి మడత గొడుగు గొప్పతనం గురించి గడగడా మాట్లాడాడు. ఆ మనిషి పెదవులు కదలడం పిన్ని చూసింది. ఆమె మొహం మూసుకుపోవడం నేను చూశాను. అరగంట కూర్చుంది పాపం, మాకోసం. తర్వాత లేచి, చెవుడున్న వాళ్ళు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో, "మీరు చూసుకోండి, నాకు పనుంది" అని వెళ్ళిపోయింది. చెప్పు ఈడ్చుకుంటూ మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆ తర్వాత నెల రోజులు నేను వెతకని చోటు లేదు. ఫోనుకి మాత్రం ఒకటే అర్థమైంది, నాకు గొడుగు కావాలని. ఏది తెరిచినా గొడుగుల ప్రకటనలే. ఎండాకాలంలో కూడా నాకు గొడుగులు చూపించిన ఘనత దానిది. ఇంకా మంచి సినిమాలు చాలానే దొరికాయి, పిన్నికి వాటిలో ఒకటి చూపిద్దామంటే బాబాయి ససేమిరా అన్నాడు. ఇప్పుడు ఇంకోసారి పిలిచి, అందులోనూ ముందొక ప్రకటన వాడు వచ్చి మాట్లాడితే, ఆమె జన్మలో ఇటు తిరగదని ఆయన భయం. ఒకవేళ ఆ వాగుడు రాకపోయినా అందులో ఆమె ఉండదు కదా అన్నాడు.

ఒకరోజు చూస్తే బాబాయి గాజు పలక కింద బల్బు పెట్టి, దాని మీద చిన్న చిన్న కాగితాలు పరిచి పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు. అట్టలు కోయగా మిగిలిన దళసరి కాగితం, అరచేతి వెడల్పు ముక్కలు. సినిమా మొత్తం నావల్ల కాదు, చివరి తిట్టు ఒక్కటీ చేస్తానన్నాడు. కింది కాగితం మీది బొమ్మ పైదానికి కనిపిస్తుంది, వేలు కాస్త జరిపి మళ్ళీ గీస్తాడు. కట్టగా కుట్టి బొటనవేలితో వదిలితే వేలు ఆడుతుంది. ఆయన గొప్ప చిత్రకారుడేం కాదు, ముసలామె తల ఒక్కోచోట గుమ్మడికాయంత అయ్యేది. ప్రూఫులు నేనే దిద్దాను. నలభయ్యో కాగితంలో నడుం మీద చెయ్యి లేదని, డెబ్బై రెండులో చెప్పు మాయమైందని ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి ఇచ్చేదాన్ని. వేలు ఆడించింది కుడి చేతిదా ఎడమ చేతిదా అని ఒకరోజు పోట్లాడుకున్నాం కూడా. చివరికి పిన్ని ఏ చేత్తో తిడుతుందో అదే వేశాడు.

అయిదు వారాలకి నూట ఇరవై కాగితాలు పూర్తయ్యాయి. ఇక బైండింగు. అది చూసి తీరాలి. సన్నని దారంతో కుట్టాడు, మూడు వైపులా కత్తి మిషనులో కోశాడు, వెన్ను గుండ్రంగా కొట్టాడు, గట్టి అట్ట వేసి దానికి నీలం గుడ్డ అంటించాడు. అంచు మీద వేలు పెట్టి రాస్తే నున్నగా జారిపోయింది. ఆయన జీవితంలో చేసిన అన్ని పుస్తకాల కంటే అందంగా ఉంది. ఆ సాయంత్రం దాన్ని ఇంటికి పట్టుకెళ్ళాడు. మర్నాడు ఆస్పత్రి నుంచి లేచొచ్చినంత నీరసంగా వచ్చి కూర్చున్నాడు.

ఏం జరిగిందో రాబట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కట్టని వంచి వదిలితే కాగితాలు ఒక్కొక్కటిగా రాలలేదు. పదేసి, ఇరవయ్యేసి గుంపుగా పడ్డాయి. గట్టి అట్ట వంగనివ్వదు, నున్నటి అంచు వేలికి చిక్కదు. నాలుగుసార్లు వదిలి చూపించాడట. అయిదోసారి పిన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, పుస్తకం చదివినట్టు ఒక్కో కాగితం తిప్పింది. మర్యాదకి చివరిదాకా తిప్పింది. తిప్పి, "బాగా కుట్టారు. కానీ నూట ఇరవైసార్లు అదే బొమ్మ వేశారేంటి?" అంది. అక్కడే ఉన్న కొడుకు, కోడలు నవ్వారు. ఎందుకు నవ్వారని పిన్ని అడగలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

నేనా పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పాను. మరీ బాగా చేశావు బాబాయ్, అదీ దీని దోషం అన్నాను. అట్ట పీకెయ్, అంచు వంకరగా కోసెయ్, ఒక్కో కాగితం పక్కదానికంటే వెంట్రుకవాసి తేడా ఉంటేనే వేలికి దొరుకుతుంది అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. వంకర కోత నా చేత్తో కొయ్యనన్నాడు. పిన్ని కోసమైనా కొయ్యవా అంటే, పిన్నికి వంకర వస్తువు ఇవ్వమంటావా అన్నాడు. మూడు రోజులు మేం మాట్లాడుకోలేదు. ఇంత చేసి అంచు దగ్గర భీష్మించుకు కూర్చున్న మనిషిని ఏం చెయ్యాలి? నాకు కోపంతో ప్రూఫుల్లో తప్పులు కూడా కనిపించలేదు.

ఆయన పట్టుకి ఒక కారణముంది. ఆ కత్తి మిషను పైన గోడకి ఒక పుస్తకం దారంతో వేలాడుతూ ఉంటుంది. బాబాయి పనిలో చేరిన మొదటి నెలలో కోసింది. కట్ట జరిగిపోయి, అంచు ఒకవైపుకి వాలుగా తెగింది. ఆయన గురువు దాన్ని పారెయ్యకుండా మేకుకి కట్టి, ఇది చూసినప్పుడల్లా నీ చెయ్యి తిన్నగా ఉండాలన్నాడట. గురువు పోయాడు, పుస్తకం ముప్ఫై నాలుగేళ్ళుగా అక్కడే ఉంది. గోడకి రంగులేసినప్పుడు కూడా బాబాయే తీసి, బాబాయే మళ్ళీ కట్టేవాడు.

నాలుగో రోజు నాకు ఓపిక నశించింది. స్టూలెక్కి ఆ పుస్తకం దారం తెంపాను. ఆయన వారిస్తున్నా వినకుండా దుమ్ము దులిపి, ఆయన ముక్కు ముందు పెట్టి, బొటనవేలితో అంచు వంచి వదిలాను. కాగితాలు ఒక్కటొక్కటిగా జరజరా రాలాయి. ఒక్కటి కూడా గుంపులో పోలేదు. పేజీ అంకెలు ఒకటి తర్వాత ఒకటి, నూట తొంభై రెండు వరకు, వరసగా పరిగెత్తాయి.

బాబాయి నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. తనే వదిలి చూశాడు. మళ్ళీ చూశాడు. నీలం పుస్తకం తెచ్చి, చురకత్తితో అట్ట కోసి తీశాడు. వెన్ను మీద గుడ్డ పీకాడు, కుట్లు తెంపాడు. అయిదు వారాల పని అంతా బల్ల మీద చెత్తలా పడింది. నేను చూడలేక అటు తిరిగాను. తర్వాత ఆ నూట ఇరవై కాగితాల్నీ చేత్తో వాలుగా జరిపి, కత్తి కింద పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, చక్రం తిప్పాడు. కత్తి దిగిన చప్పుడయ్యాక, "గురువుగారు లేకపోవడం మంచిదైంది" అన్నాడు. రెండే రెండు కుట్లు వేశాడు. అట్ట లేదు, గుడ్డ లేదు.

ఆ రోజు శనివారం. ఒంటిపూట దాటి గంటన్నరైనా మేం బయటికి రాలేదు. ఆయన ఇంటికి రాలేదని పిన్నే వెతుక్కుంటూ వచ్చింది. చెప్పు ఈడ్పు మెట్ల మీద వినిపించగానే బాబాయి కట్టని వెనక్కి దాచాడు, మళ్ళీ ఏమనుకున్నాడో ముందుకి తెచ్చాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది, చేతిలో అదే వస్తువు ఉందని గుర్తుపట్టి మూతి ముడిచింది. ఆయన ఆమె బొటనవేలు పట్టుకుని అంచు మీద పెట్టి, వంచి, వదిలించాడు.

ముసలామె వేలు ఆడింది.

పిన్ని ఉలిక్కిపడి వేలు తీసేసింది. తర్వాత తనే పెట్టింది. రెండోసారి, మూడోసారి. తల గుమ్మడికాయంత అయినచోట ఫక్కున నవ్వింది. గొడుగు తల వంచిన చోట ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ వదిలింది. ఆ నడుం మీది చెయ్యిని, ఆ వేలిని దగ్గరగా చూసి బాబాయి వైపు అనుమానంగా ఒక చూపు చూసింది. ఆయన నేల చూపులు చూశాడు.

ఇంతలో ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. నాకు తెలుసు, ఆ టై మనిషి మాట్లాడినప్పుడు మూసుకుపోయిన మొహమే అది. కట్ట మీద వేలు పెట్టి, ఎన్నో ఏళ్ళుగా అడగడం మానేసిన మాట అడిగింది. "ఏమంటోంది?"

బాబాయి చేతులు తిప్పాడు. "తెలీదు" అన్నాడు, పెదవులు బాగా విప్పి.

"ఏం లేదులే అనకండి. ఏమంటోందో చెప్పండి."

"నిజంగా తెలీదే. ఎవరికీ తెలీదు."

ఆయన మాట నమ్మక నా వైపు తిరిగింది. "నీకు?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఈ గదిలో ఆమెకి తెలియనిది మాకూ తెలియదని నమ్మడానికి ఆమెకి కాస్త టైము పట్టింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత బాబాయి స్టూలు లాక్కుని కూర్చుని, అంచు మీద వేలు సర్దుకుంది.

"నేను చెప్తా వినండి" అంది. కాగితాలు వదులుతూ, ముసలామె వేలు ఆడుతుంటే, ఆ గొడుగుని గది అదిరేలా తిట్టింది. "ఎక్కడికి పోయావే ఇంతసేపు? ఎన్నిసార్లు పిలిచాను, వినపడదా నీకు?"